గొంతావిడ

"మీరు ఆవిడ కాదండి," అన్నారు ఆ ఊరి పెద్దాయన.

కోపంగా అనలేదు. నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి మరీ అన్నారు. మా వైపు మనిషిని గుమ్మంలోంచి గెంటాల్సి వచ్చినా ‘అండి’ తగిలించే గెంటుతారు.

కొల్లేటికోట దాటాక, గుర్రపుడెక్క మధ్య దారి చేసుకుంటూ పడవ మీద వెళితే వచ్చే చిన్న లంక ఊరది. చేపలు తూచే రేకుల షెడ్డు కింద ఊరంతా కూర్చుని ఉంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో నేను. నా వెనక బిక్కమొహాలు వేసుకుని నా కెమెరామన్, సౌండ్ చూసే కుర్రాడు.

"పోలికుంది లెండి, కాదనం," అని పెద్దాయనే మళ్ళీ అందుకున్నారు. "కానీ ఆవిడ గొంతు మేం ఎరుగుదుమండి. ఆదివారం వస్తే టీవీలో ఏదో ఒక సినిమాలో మాట్లాడుతూనే ఉంటారు. తేనె పోసినట్టుంటది. మీది, ఏమీ అనుకోకండి, ఆ గొంతు కాదు."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. హీరో చెల్లెలిగా మొదలుపెట్టి, అక్కనై, వదిననై, ఈమధ్య నాకంటే పెద్దవాళ్ళయిన హీరోలకి అమ్మనయ్యాను. రోడ్డు మీద కనపడితే సెల్ఫీ అడగనివాళ్ళు లేరు. అలాంటిదాన్ని పట్టుకుని నువ్వు నువ్వు కాదంటున్నాడు పెద్దమనిషి. పోనీ అబద్ధమా అంటే, అక్షరాలా నిజం. ఆ గొంతు నాది కాదు. ఏనాడూ కాదు.

మాది తాడేపల్లిగూడెం. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. సండే స్కూల్లో వాక్యం అప్పజెబితే చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చున్న ముసలమ్మకి కూడా వినపడాలన్నది అమ్మ పెట్టిన రూలు. మైకు ముట్టుకోనిచ్చేది కాదు. అలా చెప్పీ చెప్పీ నా గొంతు చిన్నప్పుడే బరువెక్కింది, కాస్త గరుకు తేలింది. గూడెంలో దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. క్రిస్మస్ నాటకంలో నేను చెప్పిన మాటలు రోడ్డవతల లారీలోంచి ఉల్లిపాయల బస్తాలు దించేవాళ్ళు కూడా విన్నారని మా పాస్టరు గారు గొప్పగా చెప్పుకునేవారు.

సినిమాల్లో నా మొదటి షాటు నాకిప్పటికీ గుర్తు. అన్నయ్యతో పోట్లాడే సీను. పేజీడు డైలాగు. ఒక్క అక్షరం జారకుండా చెప్పి, డైరెక్టరు గారి వైపు తిరిగి, బళ్ళో టీచర్ని అడిగినట్టే అడిగాను: "బాగా చెప్పానాండి?"

ఎవరూ పలకలేదు. లైటు పోతోంది, పక్క షాటు పెట్టండి అన్నారెవరో. నా మొహానికి పౌడరు అద్దే అమ్మాయి జాలిపడి చెవిలో చెప్పింది: "మీరెలా చెప్పినా ఒకటేనండి. తర్వాత వేరేవాళ్ళు చెప్తారు."

డబ్బింగ్ సంగతి నాకు అలా తెలిసింది. షూటింగులో మనం చెప్పిన మాటల్ని పైలట్ ట్రాక్ అంటారు. దర్జీకి కొలత కోసం ఇచ్చే ఆది జాకెట్టు లాంటిదది. దాన్ని చూసి కొత్తది కుట్టి, పాతదాన్ని మూల పడేస్తారు. నా గొంతు హీరోయిన్ పక్కన నిలబడే గొంతు కాదట, మార్కెట్ గొంతట.

ఆ సినిమా గూడెంలో ఆడినప్పుడు అమ్మ మొదటాట చూసొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ అంది: "బానే ఉందే. మొహం నీదే. లోపల ఎవరో కూర్చున్నారు."

ఆ లోపల కూర్చున్నావిడే తర్వాత నా సినిమాలన్నిటిలోనూ కూర్చుంది. మా ఇంట్లో ఆవిణ్ణి ‘గొంతావిడ’ అనేవాళ్ళం. సినిమాలో నేను ఏడిస్తే ఏడుపు ఆవిడది, కన్నీళ్ళు నావి. ఒకటి రెండుసార్లు ఫంక్షన్లలో ఎదురుపడ్డాం. పొట్టిగా, కళ్ళద్దాలతో, బ్యాంకులో పనిచేసే పక్కింటావిడలా ఉంటుంది. దగ్గరకొచ్చి "బాగున్నారాండి?" అంది. తెర మీద నేను పలికే గొంతు ఎదురుగా నిలబడి నన్నే కుశలం అడుగుతోంది. ముక్తసరిగా తలూపి పక్కకి తప్పుకున్నాను.

ఆవిడంటే నాకు అనుమానం. దాచుకోవడం ఎందుకు, గట్టి అనుమానం. సినిమా ఒప్పుకున్నప్పుడల్లా "ఈసారి నా డైలాగులు నేనే చెప్పుకుంటానండి" అని అడిగేదాన్ని. డైరెక్టర్లు "చూద్దాం" అనేవాళ్ళు. మా ఇండస్ట్రీలో ‘చూద్దాం’ అంటే ‘లేదు’ అని. షూటింగ్ అవగానే డబ్బింగ్ థియేటర్లో ఆవిడ ప్రత్యక్షం. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నా గొంతు పనికిరాదని వాళ్ళ చెవుల్లో ఎవరో నూరిపోస్తున్నారు. నేను మాట్లాడకపోతే లాభం ఎవరికి? ఆవిడకే. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

అనుమానం పెనుభూతం అని అమ్మ అంటూనే ఉండేది. నేను పట్టించుకోలేదు. సినిమాల్లో అనుమానం లేని ఆడది ఎన్నాళ్ళో ఉండదు. వేషం ఉందని ఫోన్ చేస్తే ఎవరు తప్పుకుంటే నాదాకా వచ్చిందో ఆరా తియ్యాలి. ఎవరైనా ‘తమ్ముడిలాంటివాణ్ణి’ అంటే ఇంకా జాగ్రత్తపడాలి.

అమ్మ వేషాలు విసుగొచ్చాక డైరెక్షన్ మీదికి మళ్ళింది మనసు. క్యారవాన్లో కూర్చునే బదులు మానిటర్ వెనక నిలబడి ఏళ్ళ తరబడి చూశాను. లెన్సులు తెలిశాయి, ఎడిటింగ్ తెలిసింది, డైరెక్టర్లు ఎప్పుడెప్పుడు తెలియక తెలిసినట్టు నటిస్తారో అది మరీ బాగా తెలిసింది. చిన్నప్పుడు సెలవులకి ఆకివీడులో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అక్కడి నుంచి కొల్లేటి ఊళ్ళు తిరిగిన గుర్తుతో కథ రాసుకున్నాను. ఒక అత్త, ఒక కోడలు, చేపలకెళ్ళడానికి ఇద్దరికీ కలిపి ఒకటే తాటిదోనె. కోడలు నేను. మిగతా అందరూ ఆ ఊరివాళ్ళే. ఎవరి మాట వాళ్ళే మాట్లాడాలి, షూటింగులో ఎలా పలికితే అలాగే తెర మీద వినపడాలి. నన్నూ ఆ ఒక్క సినిమాలో నా గొంతుతో వినాలి జనం. నాకు కావలసిందల్లా అదే. అది లేకపోతే నాకు డైరెక్షనే అక్కర్లేదు.

ఉండి అనే ఊరి వైపు చేపల మేత వ్యాపారం చేసే ఒకాయన నిర్మాతగా దొరికారు. కథ విని కళ్ళు తుడుచుకున్నారు. నేను వెంటనే అనుమానించాను. "అన్నీ మీ ఇష్టమేనండి," అన్నారాయన. "ఒక్కటే మాట. మీ పాత్రకి మాత్రం ఆవిడ చేతే చెప్పిద్దాం. మీరంటే జనానికి ఆ గొంతే కదండీ."

"చూద్దామండి," అన్నాను. ఆయనకీ ఆ మాటకి అర్థం తెలుసని ఆయన చిన్న నవ్వు చూశాకే అర్థమైంది.

సరే, ఊళ్ళోకి వెళ్ళాం. అత్త వేషానికి మనిషి మొదటిరోజే దొరికింది. ఒడ్డున వల ఎండబెడుతూ, గట్టు మీది కుక్కని తిడుతున్న ముసలావిడ. ఆ తిట్టు విని నేను అక్కడే నిలబడిపోయాను. ఎండు చేప విరిచినట్టుంది గొంతు. ఆవిడ ఊరి పెద్దాయనకి పిన్ని అవుతుందట. మేం మామ్మగారూ అన్నాం. అడగ్గానే చేస్తానంది, టీవీలో కనపడతానంటే సరదా పడింది.

అంతా బాగానే ఉందనుకున్న పూట మా కెమెరామన్ బుద్ధి గడ్డి తింది. నీళ్ళు పైనుంచి ఎలా కనపడతాయో చూద్దామని డ్రోన్ ఎగరేశాడు. గూడబాతులు లేచాయి, వాటితోపాటు ఊరూ లేచింది. మధ్యాహ్నానికి ఎదురుపడ్డవాళ్ళు మొహాలు తిప్పుకోవడం మొదలెట్టారు. టీ కొట్టతను పాలు విరిగిపోయాయన్నాడు. పడవవాళ్ళందరికీ ఒకేసారి పనులొచ్చాయి.

సంగతేమిటంటే కాంటూరు. కొల్లేరు సరస్సుకి సర్కారు గీసిన సరిహద్దు అది. ఆ గీత లోపల చేపల చెరువులు ఉండకూడదు. ఒకప్పుడు మిషన్లు తెచ్చి గట్లు తెగ్గొట్టిన సంగతి అక్కడ పాలు తాగే పిల్లలు కూడా చెబుతారు. ఎవరి చెరువు గీత లోపలుందో, ఎవరిది బయటుందో ఎవరూ పైకి అనరు. పక్షుల్ని చూడ్డానికొచ్చామని చెప్పి గట్లు కొలుచుకుపోయినవాళ్ళు కూడా ఉన్నారట. అలాంటి ఊరి మీద మేం డ్రోన్ తిప్పాం. ఇంకేముంది, మేం సినిమా పేరు చెప్పి సర్వేకి వచ్చామని, సినిమా ఆవిడ పోలిక ఉన్న ఎవరినో ముందు పెట్టుకుని తెచ్చామని ఊరు తేల్చేసింది. గొంతు వేరుగా ఉండటంతో ఆ లెక్క సరిగ్గా సరిపోయింది.

అందుకే ఆ రేకుల షెడ్డు, ఆ మజ్జిగ, ఆ మర్యాద.

"నేను నేనేనండి," అన్నాను పెద్దాయనతో. "ఆ గొంతు వేరే ఆవిడది. డబ్బింగ్ చెబుతారు."

"చెబుతారు లెండి," అన్నారాయన, చంటిపిల్ల మాటకి తలూపినట్టు.

నాకు పౌరుషం వచ్చింది. ఆలోచించకుండా ఫోన్ తీసి గొంతావిడకి చేశాను. నంబరు ఎప్పటినుంచో ఉంది, ఏనాడూ నొక్కలేదు. స్పీకర్ పెట్టి ఎదురుగా బల్ల మీద ఉంచాను.

"హలో అండి," అంది ఫోను.

షెడ్డంతా ఒక్కసారి సర్దుకుని కూర్చుంది. ఆడవాళ్ళు కొంగులు సవరించుకున్నారు. "అదీ, అదండీ ఆవిడ గొంతు," అన్నారు పెద్దాయన, మొహం వెలిగిపోతూ. ఫోను దగ్గరగా వంగి, "నమస్కారమండి. తమ సినిమాలన్నీ చూస్తామండి. తమ పేరు చెప్పుకుని ఇక్కడెవరో వచ్చారండి," అన్నారు.

ఆవిడ పగలబడి నవ్వింది. నేను జరిగిందంతా గబగబా చెప్పాను. నేనే నేనని ఆవిడ చేత చెప్పించాను. ఏం లాభం? ఊరివాళ్ళకి ఫోన్లో ఉన్నది అసలు, కుర్చీలో ఉన్నది నకలు. "మీ మేడం గారిని ఒకసారి దయచేయమనండి, అప్పుడు మాట్లాడుకుందాం," అని నాకే పురమాయించారు.

"రేపొద్దున ఏలూరులో దిగుతానండి," అంది గొంతావిడ, అడక్కుండానే.

అక్కడ మొదలైంది నా అసలు అనుమానం. పిలవని పేరంటానికి ఇంత సంబరంగా ఎవరొస్తారు? ఆవిడేం నాకు చుట్టమా, స్నేహితురాలా?

వచ్చింది. చేతిలో ఒక బ్యాగు, బ్యాగులో వేడినీళ్ళ ఫ్లాస్కు, మిరియాలు, పటికబెల్లం. గొంతు కోసం అంది. కార్లో కూర్చోగానే అంది, "మీ ప్రొడ్యూసరు గారు కూడా నాతో మాట్లాడారండి." అంత సులువుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కైకలూరు రోడ్డు పొడుగునా రెండువైపులా చెరువులే. ఓహో, అయితే ఆ ఏర్పాట్లు కూడా అయిపోయాయన్నమాట, అనుకున్నాను. రేవులో పడవ కోసం ఆగినప్పుడు ఆవిడకి ఫోనొచ్చింది. నన్ను చూసి నాలుగడుగులు పక్కకి వెళ్ళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. గాలికి ఒక్క మాట మాత్రం నావైపు కొట్టుకొచ్చింది: "రేపటిదాకా ఇక్కడే ఉంటాను కదండీ, చూస్తాను."

చూస్తానట. ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు.

షెడ్డు కింద మళ్ళీ ఊరు కూడింది. గొంతావిడ నమస్కారం పెట్టి, "నేను డబ్బింగ్ చెప్పేదాన్నండి. నటించేది వీరే," అంది. తర్వాత నేను నా పాత సినిమాలో కొడుకుని సాగనంపే మాటలు పెదాలు కదుపుతూ నటించాను. పక్కన నిలబడి ఆవిడ గొంతు కలిపింది. ఒక్క పెదవి విరుపు కూడా తప్పిపోలేదు. ఇద్దరం కలిస్తే టీవీలో మనిషి తయారైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దాయన లేచి నిలబడి నాకు దణ్ణం పెట్టారు. "పొరపాటైందమ్మా. మీరే. ఆయ్, ముమ్మాటికీ మీరే," అన్నారు.

గండం గడిచిందనుకున్నాను. చప్పట్లు కొట్టనిది ఒక్క మామ్మగారే.

"అయితే ఒకళ్ళ మొహానికి ఇంకొకళ్ళ మాట అతికించేస్తారన్నమాట," అంది ఆవిడ.

పెద్దాయన మళ్ళీ కూర్చున్నారు.

"రేపు నా మొహానికీ అతికిస్తారు. నేను కుక్కని తిడితే, మా చెరువు గీత లోపలే ఉంది బాబూ అన్నట్టు పలికిస్తారు. టీవీలో నా మొహమే ఉంటది, నా నోరే కదులుతుంది. నేను అన్లేదంటే ఎవరు నమ్ముతారు?"

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. నేను నేనని రుజువు చెయ్యబోయి, వాళ్ళకి ఎన్నడూ లేని కొత్త భయం తెచ్చిపెట్టాను. పైగా మామ్మగారి మాటలో ఒక్క తప్పు లేదు. నా నోటికి ఎన్నేళ్ళు అదే జరిగింది.

"మామ్మగారూ," అన్నాను, "ఈ సినిమాలో ఎవరి గొంతు వాళ్ళదేనండి. ఒక్కరికి కూడా ఇంకొకరు చెప్పరు. సినిమా పూర్తవగానే ముందు ఇక్కడికే తెచ్చి మీకు చూపిస్తాను. మీది కాని మాట ఒక్కటి వినపడ్డా ఎక్కడా ఆడించను."

"మరి తమ గొంతండి?" అన్నారు పెద్దాయన.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పక్కన గొంతావిడ. ఉండిలో నిర్మాత. నేను ఆవిడ వైపు చూడకుండా, "నాది కూడా నాదేనండి," అన్నాను. ఆవిడ పని ఊడిందని ఆవిడ ఎదురుగానే చాటించినట్టయింది. ఆవిడ ఫ్లాస్కు మూత తీసి ఓ గుక్క తాగి మళ్ళీ బిగించింది.

పెద్దాయన తేలిగ్గా వదిలే మనిషి కాదు. గొంతావిడ వైపు తిరిగారు. "ఏవండీ, తమరు ఎవరి గొంతైనా చెప్పేస్తారా?"

"చాలామందికి చెప్పానండి. పిల్లలకీ, పెద్దవాళ్ళకీ."

"అయితే మా పిన్నిలా చెప్పండి చూద్దాం."

ఆవిడ చెప్పగలదు. ఆవిడ పని నాకు తెలుసు. ఓ టీవీ సీరియల్లో మనవరాలికీ బామ్మకీ ఆవిడే చెప్పేది, ఒకరి మాట ఒకరు తెంపుకుంటూ పోట్లాడుకునే సీన్లలో కూడా. ఇప్పుడిక్కడ మామ్మగారిలా ఒక్క ముక్క పలికిందంటే నా సినిమా నీళ్ళపాలు. పలకకుండా ఎందుకుంటుంది? ఇప్పుడే కదా నేను ఆవిడ పొట్టకొట్టాను. నా కెమెరామన్ ఏదో వేడుక అన్నట్టు ఫోన్ తీసి వీడియో పట్టుకున్నాడు. వాణ్ణి అక్కడే కొల్లేట్లో ముంచుదామనిపించింది.

మామ్మగారు గొంతు సవరించుకుని, "ఒరే, గడ గట్టిగా నొక్కు, దోనె తిరిగిపోతంది," అంది.

గొంతావిడ కళ్ళు మూసుకుని వింది. ఇంకోసారి చెప్పమంది. మళ్ళీ వింది. తర్వాత నోరు తెరిచింది.

ఎంత దరిద్రంగా చెప్పిందంటే, బళ్ళో పిల్లలు ముసలమ్మ వేషం వేసుకుని వణుకుతూ చెప్పినట్టుంది. ‘గడ’ దగ్గర గొంతు కీచుమంది, ‘దోనె’ దగ్గర దగ్గొచ్చింది. షెడ్డంతా గొల్లుమంది. మామ్మగారు అందరికంటే ఎక్కువ నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఓసి నీ అమ్మ కడుపు చల్లగుండా, నేను మేకలాగా అరుస్తానా? నీవల్ల కాదులే తల్లీ," అంది. పెద్దాయన కూడా తృప్తిగా తలూపి, రేపు పొద్దున రెండు పడవలు పంపిస్తానన్నారు.

మా ఊరి గొంతు ఎవరికీ పట్టుబడదని వాళ్ళకి ఆ పూట ధీమా వచ్చింది. నాకు మాత్రం కొత్త అనుమానం పట్టుకుంది.

మర్నాడు మామ్మగారితో రెండు షాట్లు తీసి, మధ్యాహ్నం బండికి గొంతావిడని ఎక్కించడానికి ఏలూరు నేనే వెళ్ళాను. పంపడానికి డ్రైవరున్నాడు. కానీ కడుపులో ఉన్నది కక్కకపోతే నాకు అన్నం సహించేలా లేదు. బండి ఆలస్యమన్నారు. చెరో టీ తీసుకుని ప్లాట్‌ఫాం మీద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం.

"నిన్న కావాలనే చెడగొట్టారా?" అన్నాను.

"గాలిలో తిరిగాను కదండీ. గొంతు పట్టేసింది."

"పట్టేసిన గొంతుతో ఆ ముందు నిమిషమే నాకు డైలాగు చెప్పారు."

ఆవిడ నవ్వి టీ ఊదుకుంది. నేను వదల్లేదు. "ప్రొడ్యూసరు గారు మీతో ఏం మాట్లాడుతున్నారు?"

"మీకు చెప్పొద్దన్నారండి."

"చెప్పండి."

"షూటింగయ్యేదాకా మిమ్మల్ని మీ దారిన పోనిమ్మన్నారు. అంతా అయ్యాక నాచేత చెప్పించేస్తారట. అప్పుడిక మీరు చేసేదేం ఉండదని. ఊరు ఎలా ఉందో, మీరెలా మాట్లాడుతున్నారో చూసి రమ్మన్నారు. దానికే వచ్చాను, నిజమే." గ్లాసు బల్ల మీద పెట్టింది. "షెడ్డు కింద మీరు ఆ పెద్దావిడకి మాటిచ్చారు. ఇవాళ పొద్దున్నే ఆయనకి ఫోన్ చేసి చెప్పేశానండి, ఈ సినిమా నావల్ల కాదు, నా గొంతు నా మాట వినడం లేదని."

"ఆయన నమ్మారా?"

"మీ కెమెరామన్ దగ్గర వీడియో అడిగి పంపించాను. నేను మేకలా అరిచింది. అది చూసి పాపం జాలిపడ్డారండి. వయసు మీద పడిందమ్మా, రెస్టు తీసుకోండి అన్నారు."

ఆ వీడియో ఆయన ఫోన్లోంచి ఇంకొకరి ఫోన్లోకి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది? గొంతు పోయిందన్న మాట మా ఇండస్ట్రీలో ఊరూరా దండోరా వెయ్యక్కర్లేదు. ఆవిడకి బతుకంతా ఆ గొంతే.

"ఇంకెవరైనా చూస్తే మీకు పనెవరిస్తారండి?" అన్నాను.

"అదీ ఆలోచించానండి," అంది. ఇంకేం చెప్పలేదు.

సిగ్గనిపించింది. సిగ్గుతోపాటు కోపం కూడా వచ్చింది, ఇన్నేళ్ళు నేను మోసిన అనుమానాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక. "నా గొంతు బాలేదని మీరే వాళ్ళకి చెబుతుంటారని అనుకునేదాన్ని," అనేశాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నన్నెవరు అడుగుతారండి? పిలిచినచోటికి వెళ్ళి చెప్పి రావడమే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే ముందు నాకు మీరే వినపడతారు. మీరు చెప్పింది మొత్తం విని, అప్పుడు దాని మీద నేను చెప్పాలి. మీరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఎక్కడ మింగేస్తారో అన్నీ తెలుసు. మీ గొంతు అంతలా విన్నది మీ అమ్మగారి తర్వాత నేనేనేమో."

బండి వచ్చింది. బ్యాగు అందించాను. జనం తోసుకుంటున్నారు. ఆవిడ ఎక్కి, తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నావైపు తిరిగింది. గొంతు సవరించుకుంది. పెదాలు చిన్నగా కదిలాయి.

"బాగా చెప్పానాండి?"

ఆ గొంతు ఆవిడది కాదు. తేనె లేదు అందులో. బరువుగా, కాస్త గరుకుగా, ఆఖరి బల్లని వెతుక్కునే గూడెం ఆడపిల్ల గొంతు. పౌడరు మొహంతో లైట్ల మధ్య నిలబడి ఆ రోజు నేను ఎలా అడిగానో అలాగే, ఆ చివరి ‘ఆండి’లో నా భయంతో సహా. అప్పుడు రికార్డింగ్ ఆపలేదన్నమాట. ఎవరూ వినలేదనుకున్న మాటని ఆవిడ ఒక చీకటి గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది, విని ఇన్నేళ్ళూ దాచింది.

బండి కదిలింది. నేను పక్కనే నడిచాను, తర్వాత పరిగెత్తాను. ప్లాట్‌ఫాం మీద అందరూ తిరిగి చూస్తున్నారని తెలుసు.

"బాగా చెప్పావమ్మా," అని అరిచాను, ఆఖరి పెట్టెలో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా.